కోతా, కరెంటా

"కోయించేద్దాం. ఇంకో మాట నేదు," అంది గౌరీశ్వరి, భుజానికున్న సంచి కిందికి దించకుండానే.

పొద్దున్నే అచ్యుతాపురంలో బస్సెక్కి దువ్వాడ వచ్చి దిగిన మనిషి. నీలిమ మంచినీళ్ల గ్లాసు అందించబోతే చెయ్యి చాచలేదు. వెనక్కి తీసుకోలేక, కింద పెట్టలేక నీలిమ గుమ్మంలో అలాగే నిలబడింది. ఆడపడుచు వస్తే ఇల్లు వేడెక్కుతుందని తెలుసు గానీ, మరీ గుమ్మంలోనే మొదలెడుతుందని అనుకోలేదు.

ఉదయ్‌కుమార్ స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అయినా ఓపిక కూడదీసుకుని అక్కకి కుర్చీ జరిపాడు.

"కూకో అప్పా. ముందు కూకొని మాటాడు."

"కూకున్నా నుంచున్నా నాది అదే మాట. అమ్మకి ఆపరేషన్ సేయించీ."

"డాక్టరమ్మ ఎదురుగా కూకొని ఇన్నది నాను, నువ్వు కాదు. గొంతుపెట్టె దాటి జబ్బు ఇంకా బయటికి పాకనేదంది. అమ్మకున్న స్టేజీలో రెండు దార్లూ ఉన్నాయంది. కోసినా, కరెంటు పెట్టినా బతుక్కి ఇంచుమించు ఒకలాటి భరోసాయే అంది. అలాటప్పుడు ఉన్న గొంతు కోసి పారీడం ఎందుకు?"

క్యాన్సర్‌ని జబ్బు అన్నట్టే, రేడియేషన్‌ని కూడా ఆ ఇంట్లో ఎవరూ రేడియేషన్ అనరు. కరెంటు పెట్టడం అంటారు. డాక్టరు జ్యోతిర్మయి కూడా నాలుగు మాటలయ్యాక కరెంటు అనడమే మొదలుపెట్టింది, పాపం.

"కోసేత్తే ఏర్లతో సహా పోద్ది కదరా," అంది గౌరీశ్వరి.

"పోద్ది. దాంతోపాటు మాట కూడా పోద్ది. మెడకి కన్నం పెడతారు. బతికినన్నాళ్లూ ఊపిరి అందులోంచే. మాటాడాలంటే వాల్వో, మెడకి ఆనించుకునే మిషనో. అమ్మకి మిషనా? టీవీ రిమోటే పట్టుకోదు!"

"మరి కరెంటు పెట్టింతరవాత తిరగబెడితే?"

"అప్పుడు కోత్తారు."

"కరెంటు తిన్న మెడ మీద కోత తొందరగా మానదని నువ్వే కదరా ఫోన్లో సెప్పినావు?"

ఉదయ్ గొంతు పెంచాడు. "తిరగబెడతాదని నువ్వెందుకు అనుకుంతన్నావు? ఏడు వారాలు, ఒక్కరోజు కూడా మానకుండా నాను తీసుకెల్తాను. మా పోలిరాజుతో షిఫ్టులు మార్చీసుకున్నాను. మజ్జిలో మందు కూడా ఎక్కిత్తారు. అదీగాక అమ్మ సుట్ట మానీసి మూన్నెల్లయింది. పొగ మానినోళ్లకే కరెంటు బాగా పని సేత్తాదని డాక్టరమ్మ గట్టిగా సెప్పింది."

ఆ మాటకి గౌరీశ్వరి తల వంచుకుంది. అంతవరకూ ఒంటికాలి మీద లేచిన మనిషి, సంచి దించి, కుర్చీలో కూలబడి, పైట చెంగు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఇదేంటబ్బా అనుకుంది నీలిమ.

అసలు మనిషి నారాయణమ్మ పెరటి గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. పెదవులు బిగించి, ఎదురుగా ప్రహరీ గోడ వంక చూస్తోంది. గాజువాక మార్కెట్లో బుట్ట దించి "వంకాయ్, బెండకాయ్" అని కేకేస్తే మెయిన్ రోడ్డు మీద ఆటోలు ఆగేవి. అలాంటి నోరు వారం రోజులుగా పెదవి విప్పడం లేదు. ఏమడిగినా తల ఊపడం, చెయ్యి ఊపడం. కరెంటు పెట్టేముందు పాడైన పళ్లుండకూడదని నాలుగు పీకేశారు గదా, ఆ నొప్పి మీద ఉంది, కదపకండి అన్నాడు ఉదయ్. సరే పాపం అని అందరూ ఊరుకున్నారు.

"నీకు అసలు సంగతి నాను సెప్పనా అప్పా?" అన్నాడు ఉదయ్. నిద్ర లేనితనం మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది. "అమ్మ నోరు పడిపోతే నీకు హాయి. దుర్గారావు బావని తాగొచ్చినప్పుడల్లా కడిగీసే నోరు అదొక్కటే కదా."

"బావా!" అంటూ మొగుణ్ని ఆపబోయింది నీలిమ.

గౌరీశ్వరి తిరగబడుతుందనుకుంది. తిరగబడలేదు. తమ్ముడి మొహంలోకి చూసింది, తల్లి వీపు వంక చూసింది, కళ్లనిండా నీళ్లు నింపుకుని లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది. గౌరీశ్వరి మాట పడి ఊరుకోవడం ఈ ఎనిమిదేళ్ల కాపరంలో నీలిమ చూసిందే లేదు. ఊరుకుందంటే లోపల ఏదో ఉంది.

మధ్యాహ్నం ఉదయ్ పడుకున్నాక నీలిమ మెల్లిగా కదిపింది. ఇద్దరూ ఆనపకాయ తరుగుతున్నారు.

"ఒదినా, నిజం సెప్పు. అత్త గొంతు తీయించాలని ఎందుకంత పట్టుపడతన్నావు?"

"అమ్మ సంగతి నీకు తెల్దు."

"బలే దానివే! అత్త నాకు అత్తయింది తరవాత. ముందు మా నాన్న తోడబుట్టింది. మా మేనత్త సంగతి నాకు తెల్దా?"

"తెల్దే," అంది గౌరీశ్వరి. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. "నా సేత ఒట్టేయించుకుంది. నన్నడక్కు."

నీలిమ ఇంకొకటి అడగబోయింది గానీ, ఆడపడుచు ముక్కు చీదుకుంటూ ఆనపకాయ ముక్కల్ని మళ్లీ ముక్కలు చేస్తుంటే అడగలేకపోయింది. సాయంత్రం బస్సుకి గౌరీశ్వరి వెళ్లిపోయింది. వెళ్లేముందు తల్లి కాళ్ల దగ్గర కాసేపు కూర్చుంది.

పొద్దు వాలుతుంటే నీలిమ బట్టలు తీయడానికి మేడెక్కింది. నీళ్ల ట్యాంకు నీడన, బోర్లించిన బకెట్టు మీద నారాయణమ్మ కూర్చుని ఉంది. మొహం ప్లాంటు చిమ్నీల వైపు.

"అత్తా, మంచు పడతాది, కిందికి రా. కాఫీ పెట్టనా?"

ఉలుకూ పలుకూ లేదు. చెయ్యి మాత్రం వద్దన్నట్టు ఊపింది.

"పోనీ గోరెచ్చగా పాలిమ్మంటావా? పొద్దుట్నుంచీ ఏటీ తిననేదు."

మళ్లీ చెయ్యి ఊపు. నీలిమకి జాలేసింది. దగ్గరికి వెళ్లి ఎదురుగా గొంతుకూర్చుంది. అప్పుడు కనిపించింది. మేనత్త ముక్కుపుటాల్లోంచి సన్నగా, తెల్లగా పొగ.

నీలిమ ఆమె గడ్డం పట్టుకుంది.

"నోరు తెరు అత్తా."

నారాయణమ్మ తల అడ్డంగా ఊపింది.

"నోరు తెరువంతన్నాను!"

ముసలామె కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపు బిగబట్టింది. చివరికి రెండు వేళ్లతో పెదవుల మధ్య నుంచి చుట్ట పైకి లాగింది. లోపలి కొస ఎర్రగా రాజుకుని ఉంది.

అడ్డపొగ అంటారు దాన్ని. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. అటు శ్రీకాకుళం నుంచి ఇటు విశాఖ దాకా పల్లెల్లో నాట్లేసే ఆడవాళ్లకి పాత అలవాటే. చేలో గాలికి ఆరదు, వానకి తడవదు, చంకలో పిల్ల మీద నిప్పు రాలదు, ఎదురుగా మామగారొస్తే పెదవి మూస్తే చాలు. నీలిమ నాయనమ్మా అంతే. ఆ వాసనలోనే పుట్టి, ఆ వాసన ఉన్న ఇంటికే కోడలొచ్చిన పిల్లకి ఇంక ముక్కు ఏం పట్టిస్తుంది? ఏమడిగినా చేతులూపుతుంటే నొప్పి అనుకున్నారు, బెంగ అనుకున్నారు. నోట్లో నిప్పుంటే మనిషి ఎలా మాట్లాడుతుంది!

"ఎన్నాళ్లనుంచీ?" అంది నీలిమ.

"మానినాను పిల్లా." బొంగురుపోయిన గొంతు, కంకర మీద ఈడ్చినట్టుంది. "గొంతులోంచి ముక్క తీసి జబ్బని సెప్పిన కాణ్నుంచీ మానినాను. మీ తాత మీదొట్టు. పళ్లు పీకినారు కదా. ఆ రేత్రి దౌడలు పగిలిపోతన్నాయి. బిళ్లలేసుకున్నా తగ్గనేదు. పొగాకు ఈనె రవ్వంత పంటికింద ఎట్టుకుంటే సల్లబడతాదని, గౌరి ఫోన్ సేసినప్పుడు తెమ్మన్నాను. ఊళ్లో పన్ను పోతే అందరం అదేగదే ఎట్టుకునేది? పాపం, అది తెల్లారే ఒచ్చి తెచ్చిచ్చింది. ఎట్టుకున్నాను. మర్నాటికి సుట్ట సుట్టీసినాను. అది తెలిసి గౌరి ఏడిత్తే, ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

ఇదన్నమాట గౌరీశ్వరి తలొంచుకోవడం! తల్లి నొప్పి చూడలేక ఒక ఆకు తెచ్చిచ్చింది. ఆ ఆకు ఏం చేసిందో తెలిసీ బయటికి చెప్పలేక, కరెంటు వృథా అయిపోతుందని భయపడి, కోయించండి కోయించండి అని పోట్లాడుతోంది. తమ్ముడి చేత అనరాని మాట అనిపించుకుని కూడా నోరు మూసుకుని బస్సెక్కింది. నీలిమకి ఆడపడుచు మీద ఉన్న కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. కరెంటు కోసమే కదా ఆ పళ్లు పీకించింది, భగవంతుడా అనుకుంది.

"అత్తా, పొగ తాగుతూ కరెంటు పెట్టించుకుంటే సరిగా పని సెయ్యదు, పుళ్లు పడితే మానవు, జబ్బు తిరగబెట్టే బయం ఎక్కువ అని డాక్టరమ్మ నీ ఎదురుగానే సెప్పింది కదా?"

"ఇన్నాను."

"బావకి సెప్పు."

"సెప్పలేనే."

"నాను సెప్పేత్తాను."

నారాయణమ్మ చుట్టని ట్యాంకు గోడకేసి నలిపింది. "సెప్పు. ఆడు ఎంటనే డాక్టరమ్మకి సెప్తాడు. ఆయమ్మ కోసెయ్యమంటాది. కోడలు సెప్పింది, అత్త గొంతు తెగిందంటారు ఊళ్లో. నీకది కావాలా?"

బెదిరింపు కాదది. ఉన్నమాటే. అందుకే నీలిమకి ఒళ్లు మండింది.

"ఊరు గోల నాకెందుకు? సోమవారం కరెంటు పెట్టే మాస్కుకి అచ్చు తీత్తారు. అందాకా టైము. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను. ఇది కూడా ఒట్టే."

ఆదివారమంతా ఇల్లు నిమ్మకు నీరెత్తినట్టుంది. ఉదయ్ ఉషారుగా ఉన్నాడు. తల్లికి మెత్తగా తినేవేవో అడిగి తెచ్చాడు, రాగి పిండి, సగ్గుబియ్యం. కరెంటు పెట్టాక నోరెండిపోతుందట, మింగడం కష్టమవుతుందట, ఇప్పుడే కాస్త ఒళ్లు చేయాలట. చెప్పుకుపోతున్నాడు. నారాయణమ్మ మేడెక్కలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, వేళ్లు వణుకుతుంటే ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంది. నీలిమ ఒకటికి పదిసార్లు ఆ వేళ్లు చూసింది. మనిషి యాతన పడుతోంది, అబద్ధం కాదు. చెప్పడం మాత్రం లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నీలిమే నోరు విప్పింది. "బావా, ఒకేల కోతే మంచిదేమో. ఒక్కసారి ఆలోచించు."

ఉదయ్ ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నువ్వు కూడానా?"

"అలగ కాదు…"

"నాన్న పోయినప్పుడు నాకు పదేళ్లు. మీ నాన్న తప్ప గుమ్మం తొక్కినోడు నేడు. గాజువాక మార్కెట్లో ఎండకీ వానకీ కూకొని, అరిసి అరిసి అమ్మింది అమ్మ. ఆ అరుపు తిన్నాను నాను, ఆ అరుపుతో సదువుకున్నాను. పరీక్ష పోయినప్పుడు బజారంతా ఇనబడేలాగ తిట్టింది కూడా ఆ గొంతే." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "దాన్ని తీసెయ్యమని నా సేత్తో సంతకం పెట్టమంటావా? కరెంటు పని సెయ్యకపోతే అప్పుడు సూద్దాం. ముందే ఎలా పెట్టను?"

తలుపు వారగా ఉన్న నారాయణమ్మకి ఇదంతా వినిపించింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

సోమవారం ఆస్పత్రి గదిలో డాక్టరు జ్యోతిర్మయి నారాయణమ్మ చిగుళ్లు చూసి, బాగా మానుతున్నాయంది. పక్క గదిలో మాస్కు అచ్చు తీస్తారని, వేడి నీళ్లలో మెత్తబెట్టిన ప్లాస్టిక్ వల మొహం మీద పరిచి ఆరనిస్తారని, రోజూ అదే మాస్కు బిగించి మెడ కదలకుండా కరెంటు పెడతారని వివరంగా చెప్పింది.

"భయపడక్కర్లేదమ్మా. నొప్పి ఉండదు. ఒక్క సంగతి మళ్లీ అడుగుతాను. పొగ?"

"మానీసి మూన్నెల్లు దాటింది మేడమ్," అన్నాడు ఉదయ్, పరీక్ష పాసైన పిల్లాడి తండ్రిలా. "ఒక్క సుట్ట ముట్టుకుంటే ఒట్టు."

నీలిమ అత్త వంక చూసింది. అత్త నేల వంక చూస్తోంది. ఇక లాభం లేదు, తనే పాపం మూటగట్టుకోవాలి అనుకుని నీలిమ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే నారాయణమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే గాజు చర్మంలోకి దిగింది.

"ఆడ్ని బయటికి పంపు తల్లీ," అంది డాక్టరుతో. "ఆడోళ్ల సంగతి."

ఉదయ్ మారుమాట లేకుండా లేచి బయటికి వెళ్లాడు. తలుపు మూసుకున్నాక నారాయణమ్మ చుట్ట సంగతి, పొగాకు ఈనె సంగతి, మేడ మీది సంగతి అంతా చెప్పేసింది. గౌరి పేరు మాత్రం ఎత్తలేదు. నీలిమ అది గమనించింది.

డాక్టరు కసురుకుంటుందేమోనని నీలిమ బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆమె కసరలేదు. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది.

"చెప్పారు, చాలు. ఇప్పుడు నేను అడిగేది మీరొక్కరే చెప్పాలి. మీకేం కావాలమ్మా?"

నారాయణమ్మ తెల్లబోయింది. జబ్బు బయటపడ్డ దగ్గర్నుంచి ఇంటిల్లిపాదీ కోతా కరెంటా అని కొట్టుకుంటున్నారు గానీ, ఈ మాట ఆమెని అడిగినవాళ్లు లేరు. తను కూడా అడగలేదని నీలిమకి అప్పుడు తట్టింది. సిగ్గేసింది.

"కోత్తే అన్నం తినొచ్చా?" అంది నారాయణమ్మ.

"పుండు మానాక తినొచ్చు. ఊపిరి దారి, అన్నం దారి వేరైపోతాయి. అవసరమైతే ఆ తర్వాత కూడా కొన్నాళ్లు కరెంటు పెట్టాలి. మాట మాత్రం మళ్లీ నేర్చుకోవాలి. చాలామంది నేర్చుకుంటారు, కానీ ఆ గొంతు మీ గొంతులా ఉండదు."

"కరెంటు పెడితే?"

"గొంతు మీదే ఉంటుంది. మింగడం కొన్ని నెలలు కష్టం. కొందరికి ఆ తర్వాతా కొంత ఉండిపోతుంది. ప్రతి నెలా వచ్చి చూపించుకోవాలి. తిరగబెడితే ఆపరేషన్ చేస్తాం, అదప్పుడు ఇంకాస్త గడ్డుగా ఉంటుంది."

"కోసింతరవాత సుట్ట లాగలేను కదా?"

"ఊపిరి మెడలోంచి కదమ్మా, నోటితో లాగడం కుదరదు." డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుంది. "కానీ చుట్టకి భయపడి గొంతు వదులుకోకండి. మానడానికి మందులున్నాయి, నేను ఇస్తాను. మాస్కు వారం ఆగుతుంది. అంతకన్నా ఆగకూడదు."

"నువ్వు మంచిదానివి తల్లీ. కానీ దాని సంగతి నీకు తెల్దు, నాకు తెలుసు. తొలిసూలు కడుపుతో నడుం ఒంగక మడిలో ఏడుత్తంటే మా అమ్మ ఎలిగించి నా నోట్లో ఎట్టింది. మా ఆయన పోయినాడు, అది ఉంది. మార్కెట్లో తిండి నేనప్పుడు అదే తిండి. నిన్న ఒక్క పగలు మానితే పిచ్చెక్కిపోయింది. ఇంక ఏడు వారాలు నన్ను నాను నమ్మలేను. ఆడు రోజూ నిద్దర మాని నన్ను తీసుకొత్తాడు, నాను ఆడి ఎనకాల దొంగతనం సేత్తాను. ఆ బతుకు నాకొద్దు."

"అత్తా," అంది నీలిమ. "బావ ఎందుకలగ పట్టుపట్టినాడో నిన్న ఇన్నావు కదా. నీ అరుపు తిని పెరిగినానన్నాడు."

"ఇన్నాను. ఎర్రి గుంటడు." నారాయణమ్మ నవ్వింది, కళ్లు తుడుచుకుంది. "అరుపు అమ్మి పెంచినాను, నిజమే. పెంచడం అయిపోనాది కదే. ఇంకా ఎవుల కోసం అరవాల? ఆడికి నా గొంతు కావాల. గౌరికి నాను కావాల. నాకేటి కావాలో నాకే ఇప్పుడిప్పుడే తెలుత్తంది."

డాక్టరు చేతిలో కాగితాలు పక్కన పెట్టింది.

"వారం టైమన్నావు కదా తల్లీ," అంది నారాయణమ్మ. "మందులియ్యి, ఏసుకుంతాను. మాస్కు మాత్రం ఇయ్యాల వద్దు. కోతో కరెంటో పైవారం ఒచ్చి నాను సెప్తాను, ఆడు కాదు." తర్వాత నీలిమ వైపు తిరిగింది. "ఆడ్ని పిలు. సుట్ట సంగతి ఆడికి నాను సెప్పాల. ఒకేల కోయించుకున్నానంటే, ఆడితో నాను ఆకర్ని సెప్పిన మాట అబద్ధం అవకూడదు. ఈ గొంతున్నప్పుడే సెప్పాల."

డాక్టరు తల ఊపాక నీలిమ లేచి తలుపు తీసింది.

ఎదురుగా బల్ల మీద ఉదయ్ కూర్చుని ఉన్నాడు. పోలిరాజుతో కాబోలు, ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ఏడు వారాలేరా, కళ్లు మూసుకుంటే అయిపోద్ది," అని నవ్వుతున్నాడు. భార్యని చూసి ఫోను జేబులో పెట్టుకుంటూ లేచాడు.

"అచ్చు తీసీసినారా? అమ్మ బయపడనేదు కదా?"

"లోపలికి రా బావా," అంది నీలిమ. "అత్త నీతో మాటాడాలంట."